నూనె పూసిన ఆకులు

చిన్ని ఏడుపును భవాని మొదట పట్టించుకోలేదు. మద్దిగుంపు అంగన్‌వాడీలో పదకొండు గంటల వేళ ఎవరో ఒక పిల్ల ఏడుస్తూనే ఉంటుంది. గుడ్లు ఉడుకుతున్న వాసనకు ఆకలి గుర్తొస్తుంది, ఏడుపు మొదలవుతుంది. భవాని ఫోనులో హాజరు ఫొటోలు ఎక్కిస్తోంది. సిగ్నల్ కోసం అంతకుముందే వెనక తలుపు తీసుకుని పెరట్లోకి వెళ్లి, అక్కడా అందక, తిరిగొచ్చి కిటికీ దగ్గర నిలబడింది. "ముత్తక్కా, చూడు" అని మాత్రం అంది.

ఏడుపు ఊపిరాడని కేకగా మారాక తలెత్తింది.

వెనక గుమ్మం అవతల, గోడకు నాలుగడుగుల దూరంలో, రెండేళ్ల చిన్ని వదులు మట్టిపుట్టలో పాదాలు దిగబడి నిలబడి ఉంది. మోకాళ్ల దాకా ఎర్ర చీమలు. ఆయా ముత్తక్క పొయ్యి దగ్గర నుంచి పరుగెత్తి పిల్లను అప్పటికే చంకకెత్తుకుంది. అరచేత్తో ఆ కాళ్లను గట్టిగా తుడుస్తూ చీమల్ని దులుపుతోంది. అవి ఆమె ముంజేతుల మీదికి పాకుతున్నాయి. భవాని చెంబుతో నీళ్లు తెచ్చింది.

"నీళ్లు పొయ్యకు టీచరమ్మా. తడిస్తే ఇంకింత గట్టిగ పట్టుకుంటయ్. దులపాలె."

భవాని చెంబు పట్టుకుని అలాగే నిలబడింది. అంత గాభరాలోనూ, ఆయా తనకు చెప్పడమేమిటని ఆమెకు చిన్న చికాకు కలిగింది.

మధ్యాహ్నానికి పిల్ల పెదవులు, కనురెప్పలు ఉబ్బాయి. పత్తి చేలో ఉన్న తల్లి పుష్పలతను పిలిపించి, ఇద్దరినీ స్కూటీ మీద ఎక్కించుకుని భవాని ఏన్కూరు దవాఖానాకు తీసుకెళ్లింది. డాక్టరు సూది వేసి, ఇంకొంచెం ఆలస్యమైతే ఊపిరికే కష్టమయ్యేదన్నాడు. మళ్లీ కుట్టకుండా చూసుకోమన్నాడు. అప్పుడడిగింది పుష్పలత.

"పిల్ల పోయి పుట్టల నిలబడేదాంక మీరిద్దరు ఏం జేస్తున్నరు?"

"నేను హాజరు ఎక్కిస్తున్నా పుష్పా. వెనక వైపు చూసుకోవాల్సింది ముత్తక్క."

చెప్పాక భవానికి కాస్త తేలికైంది. పుష్పలత ఆమె ముఖంలోకి చూసింది. నమ్మిందో లేదో తెలియలేదు. పిల్లను భుజాన వేసుకుని అటు తిరిగి కూర్చుంది.

మర్నాడు పంతొమ్మిది మందిలో ఆరుగురే వచ్చారు. పత్తి తీతలు జోరుగా ఉన్న రోజులు. మద్దిగుంపు చిన్న కోయ గూడెం. గుంపులో ఆడవాళ్లంతా పొద్దున్నే పిల్లల్ని అంగన్‌వాడీలో దించి చేలకు పోతారు. ఇప్పుడు పిల్లల్ని చంకలో వేసుకుని, చేను గట్టున ఉయ్యాల కట్టడానికి పాత చీరలు భుజాన వేసుకుని భవాని ముందు నుంచే నడిచిపోయారు. ఒకరిద్దరు పలకరించినా ఆగలేదు. పిల్లలు తగ్గితే ఈ సెంటరును పక్క ఊరి సెంటరులో కలిపేస్తారని సూపర్‌వైజరు ఉదయశ్రీ రెండు నెలలుగా చెబుతూనే ఉంది.

చీమలు ఊరికే రావు. తీపో నూనో ఒలికితేనే వస్తాయి. వంటగది ముత్తక్కది. సామాను గది తాళం చెవి కూడా ఆమె దగ్గరే, కొంగు ముడిలో ఉంటుంది. ఆమె ఇల్లు అక్కడికి యాభై అడుగులు. భవాని ఏన్కూరు నుంచి వచ్చేసరికి ఆమె వచ్చి గంటవుతుంది. ఆ గంటలో ఏం జరుగుతుందో ఎవరు చూశారు? ఇన్నాళ్లూ రాని ఆలోచన ఒకసారి వచ్చాక ఇక పోలేదు. వంటయ్యాక నూనె డబ్బా తీసి చూసింది. నెల మధ్యకు రాకుండానే సగానికి దిగింది. నిరుడు ఇదే రోజుల్లో ఎంత ఉండేదో గుర్తులేదు గానీ, ఇంకా ఎక్కువే ఉండేదనిపించింది. పెన్ను తీసి నూనె ఉన్నంత వరకు డబ్బా మీద సన్నని గీత గీసింది. ముత్తక్కకు కనిపించకుండా గీతను గోడ వైపు తిప్పి పెట్టింది.

ఆ మధ్యాహ్నం బసవపున్నయ్య పామాయిల్ తోటకు వెళ్లింది. ఆయన తండ్రి కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్నాడు. చీమల మందు ఆయన దగ్గర ఉంటుందని ఎవరో చెప్పారు.

"మా మోటారు స్టార్టరు డబ్బాలో దూరి రెండుసార్లు కాల్చేశాయమ్మా" అన్నాడు బసవపున్నయ్య, షెడ్డులో పురుగుమందు డబ్బాల మధ్య నుంచి రబ్బరు బ్యాండు చుట్టిన ప్యాకెట్టు బయటికి లాగుతూ. "ఇది నిరుడు తెప్పించా. మొక్కజొన్న రవ్వకి నూనె పట్టించి అందులో మందు కలుపుతారట. చీమలు తిండనుకుని మోసుకెళ్లి రాణికి పెడతాయి. రాణి పోతే పుట్ట పోయినట్టే. సగం ఉంది, తీసుకెళ్లండి."

"ఎలా వెయ్యాలండీ?"

"ఏముందమ్మా, పుట్ట మీద పొయ్యడమే. చల్లింది పనివాళ్లు. నేను దగ్గరుండి చూళ్లేదు."

భవాని తిరిగొచ్చేసరికి ముత్తక్క పిల్లల కంచాలు కడుగుతోంది. ఆ నీళ్లు కాలువ కట్టి పుట్ట పక్క నుంచే పారుతున్నాయి. భవాని పుల్లతో పుట్టను కెలికింది. చీమలు ఎర్రగా పొంగివచ్చాయి. ప్యాకెట్టు వంచి దోసెడు రవ్వ పుట్ట నెత్తిన కుమ్మరించింది.

ముత్తక్క తడి చేతులతో వచ్చి నిలబడింది. "ఇప్పుడా టీచరమ్మా? నేల తడిగున్నది. మరి గా మందు..."

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? పిల్లలు రావద్దా? నీ పని నువ్వు చూసుకో."

ముత్తక్క తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. వెళ్లి కంచాలు బోర్లించింది. మిగిలిన మందును భవాని సామాను గదిలో పై అరలో, పిల్లలకు అందకుండా, ఫినాయిల్ సీసా పక్కన పెట్టి తాళం వేయించింది.

బుధవారం ఆమె కావాలనే ముప్పావు గంట ముందు బయలుదేరింది. అంగన్‌వాడీ ముందు స్కూటీ ఆపకుండా, దిగి నెట్టుకుంటూ పక్క సందు నుంచి వెనక్కి వచ్చింది. ముత్తక్క గోడ వారగా గొంతుక్కూర్చుని నేల మీదికి వంగి ఉంది. ఎడమ అరచేతిలో ఏదో ఉంది. చిన్న స్టీలు గిన్నె. చప్పుడు విని లేచి, గిన్నె మీద కొంగు కప్పుకుంది.

"ఏం చేస్తున్నావ్ ముత్తక్కా?"

"ఏం లే టీచరమ్మా. చూస్తన్న."

"గిన్నెలో ఏంటి?"

"ఏం లే."

భవాని పుట్ట వైపు చూసింది. నిన్న తను పోసిన రవ్వ పుట్ట మీద లేదు. పుట్ట చుట్టూ జానెడు దూరంలో ఎవరో ఊడ్చినట్టు గింజ గింజ పడి ఉంది. పాత పుట్ట సగం వెలవెలబోయింది. దాని బదులు మూడు చిన్న పుట్టలు లేచాయి. ఒకటి సరిగ్గా వెనక గుమ్మం మెట్టును ఆనుకుని ఉంది.

"ఊడ్చావా?"

"లే. నేనెందుకు ఊడుస్త? అవే బయట పారేసినయ్."

చీమలు తిండిని బయట పారేస్తాయా! భవాని లోపలికి వెళ్లి నూనె డబ్బా తిప్పింది. నూనె గీతకు నూలుపోగంత కిందికి దిగింది. మంగళవారం తను గీత గీశాక పొయ్యి వెలిగించలేదు.

ఆ సాయంత్రం రోడ్డెక్కి, సిగ్నల్ దొరికే కల్వర్టు దగ్గర స్కూటీ ఆపి ఉదయశ్రీకి ఫోన్ చేసింది. "నూనె పోతోంది మేడం. మందు వేసినా ముత్తక్క ఏదో చేసి పనికిరాకుండా చేసింది. సెంటరు నడవడం ఇష్టం లేదో ఏమో." చివరి మాట అనే ముందు ఒక్క క్షణం ఆగింది. అయినా అంది.

"శనివారం వస్తాను. అప్పటిదాకా ఆమెను రానివ్వకు. జరిగింది రాసి పెట్టు" అంది ఉదయశ్రీ.

గురువారం పొద్దున సంగతి చెబితే ముత్తక్క ఎందుకని అడగలేదు. కొంగు ముడి విప్పి తాళం చెవి కిటికీ గట్టు మీద పెట్టింది. నానబెట్టిన పప్పు వైపు చూసి, "గా నీళ్లు వంపకు. ఎసట్ల పొయ్" అని వెళ్లిపోయింది. పదకొండేళ్ల నుంచి చేస్తున్న పని. ఆ నడకలో తొందర గాని, తడబాటు గాని లేవు. అదే భవానికి అనుమానం పెంచింది. తప్పు చేయని మనిషైతే అడగదా? అరవదా?

శుక్రవారం వంట, పిల్లలు, ఫొటోలు అన్నీ ఒక్క చేతి మీద పడ్డాయి. వచ్చింది నలుగురు పిల్లలు. వాళ్లనే చూసుకోలేక వెనక తలుపుకు గడియ పెట్టి, దానికి బెంచీ అడ్డం పెట్టింది. పిల్లలు పడుకున్నాక అన్నం గంజి పారబోయడానికి వెనక్కి వెళ్లి, వెళ్లినదల్లా ఆగింది.

పుట్ట నుంచి గోడ దాకా, బుధవారం తను చెత్త అనుకుని పట్టించుకోని తునికాకు ముక్కలు వరసగా పరిచి ఉన్నాయి. ఒక్కొక్కటి అగ్గిపెట్టెంత. గాలికి ఎగరకుండా ఒక్కోదాని మీద గులకరాయి. భవాని ఒకటి తీసింది. మధ్యలో నూనె మరక. ఏడు ఆకులు, ఏడింటికీ మరకలు. గోడ మీద, నడుమెత్తున, బొగ్గుతో గీతలు. కొన్ని పొడుగు, కొన్ని పొట్టి.

"పెద్దమ్మను పనిల నుంచి తీసేసినవంట గదా."

పుష్పలత పెరటి కంచె అవతల నిలబడి ఉంది. చంకలో చిన్ని. పిల్ల కాళ్ల మీద చీము పొక్కులు తెల్లగా ఎండుతున్నాయి.

"పుష్పా, ఈ ఆకులేంటి?"

"చీమలకు. నా పిల్లను కుట్టిన కాడికెల్లి పెద్దమ్మ పొద్దుగాల ఒకపారి, మాపటేల ఒకపారి ఆకుల మీద నూనె రాసి పెడుతున్నది. ఏ యాళకు తిండికి తిరుగుతయో చూస్తదంట. ఎక్కువ చీమలొస్తే పొడుగు గీత, తక్కువొస్తే పొట్టి గీత." పుష్పలత గొంతు మామూలుగానే ఉంది. "నీకు చెప్పలేదా?"

భవాని చేతిలోని ఆకును తిరిగి గులకరాయి కింద పెట్టింది. నాలుగున్నరకు, పిల్లలు వెళ్లాక, సామాను గది తెరిచింది. ఒక ఆకు మీద వేలితో నూనె రాసింది. ఇంకో ఆకు మీద చిటికెడు మందు రవ్వ వేసింది. రెండింటినీ మూడడుగుల దూరంలో పక్కపక్కన పెట్టి, ముత్తక్క కూర్చున్న చోటనే కూర్చుంది. ఐదు నిమిషాలకు నూనె ఆకు మీదికి ఒక చీమ వచ్చింది. తిరిగిపోయింది. పావుగంటకు ఆకు కనపడకుండా ఎర్రగా మూగాయి. రవ్వ ఆకు మీదికి రెండు వచ్చి, మీసాలు తగిలించి, పక్క నుంచి తప్పుకుని పోయాయి. ఒకటి గింజను నోట కరచి దూరంగా ఈడ్చుకెళ్లి వదిలేసింది.

భవాని ప్యాకెట్టు మూతి ముక్కు దగ్గర పెట్టుకుంది. ముక్కిపోయిన నూనె కంపు, దాని పైన ఫినాయిల్ ఘాటు. మనిషే ముట్టని తిండి. ఎవరూ ఊడ్చలేదు. ఎవరూ పాడుచేయలేదు.

పొద్దు వాలుతుండగా పత్తి చేనుకు వెళ్లింది. ముత్తక్క నడుముకు కట్టిన గుడ్డ సంచిలోకి పత్తి తీస్తోంది. కాయ పెంకు గీరుకోకుండా మూడు వేళ్లతో పట్టి, ఒక్క లాగుతో నాలుగు పాయలూ తెస్తోంది. భవానిని చూసింది గానీ చేతులు ఆపలేదు. భవాని ఆ సాలు వెంట పక్కనే నడవాల్సి వచ్చింది.

"ఆకులు చూశాను ముత్తక్కా. మందు కూడా పెట్టి చూశాను. ముట్టలేదు."

"ముట్టయ్. గది పాతది."

"నీకెలా తెలుసు?"

"బసవపున్నయ్య తోటల చల్లింది నేనే. కొత్త ప్యాకెట్టు ఇప్పితే వేయించిన పేలాల లెక్క కమ్మగుంటది. నెల దాటితే నూనె పాడయితది. నువ్వు తెచ్చిన నాడే దూరంకెల్లి వాసనొచ్చింది. చెప్పబోతే నీ పని చూసుకో అంటివి."

"బుధవారం అడిగితే ఏం లేదన్నావ్."

"ఎట్లడిగినవ్?" ముత్తక్క మొదటిసారి ఆగి ఆమె వైపు తిరిగింది. "సందుల నుంచి బండి నెట్టుకుంట దొంగను పట్టనీకె వచ్చినట్టు వచ్చినవ్. గిన్నెల రొండు చుక్కల నూనె ఉండె. రోజుకు ఏడాకులు, రొండు పూటలు. ఎంతయితది? నేనే చెబుదుననుకున్న. ఏ యాళకు తిరుగుతయో తేలినంక, ఒకటేపారి చెబుదామనుకున్న."

భవాని ఎండిన పత్తి మోడును గోటితో గీకుతూ నిలబడింది. అడగడానికి వచ్చిన మాట అడిగింది. "మందు ఎట్లా వెయ్యాలి?"

"పుట్ట మీద పొయ్యద్దు, పుట్టను కెలకద్దు. కెలికితే రాణిని ఎత్తుకపోయి ఇంకో కాడ పెడతయ్, నువ్వు చూసినవ్ గదా. చుట్టూత నాలుగడుగుల దూరాన పల్చగ చల్లాలె. మనం నోటికాడ పెడితే నమ్మయ్. తిరుగుకుంట వాటికే దొరకాలె. నేల పొడిగుండాలె, రొండు దినాలు వాన, నీళ్లు తగలద్దు. ఇప్పుడు ఈ చలికాలంల మూడు గంటలకెల్లి ఐదింటి దాంక బాగ తిరుగుతున్నయ్, గోడ మీద రాసిన. పొగాకు చేత్తో ముట్టద్దు, వాసన పడితే ఇడిసిపెడతయ్. నేనైతే బూడిదతోని కడుక్కుంట." ముత్తక్క సంచి బరువు సర్దుకుంది. "తెల్లారేసరికి సస్తయనుకోకు. ఇరవై దినాలు పడతది. ఆదివారం పిల్లలు రారు గదా, రేపు శనివారం మాపటికి చల్లు. కోళ్లను గంపల కింద కమ్మమని గుంపుల చెప్పు."

"నువ్వే వచ్చి చల్లు."

"నేనెట్ల వస్త? దొంగను గదా." గొంతు పెంచకుండానే అంది. "సూపర్‌వైజరమ్మకు ఫోన్ చేసి నువ్వు చెప్పినవంట. మందు ముచ్చట నేను చెప్పిన. గా ముచ్చట నువ్వు చెప్పాలె."

శనివారం పొద్దున భవాని కల్లూరు పోయి, దుకాణం తెరిచేదాకా నిలబడి, తారీఖు చదివి, మూతి విప్పించి వాసన చూసి కొత్త ప్యాకెట్టు తీసుకుంది. పదిన్నరకు ఉదయశ్రీ వచ్చింది. ఆ కబురు గుంపంతా పాకింది. ఎనిమిది మంది తల్లులు చేలకు పోకుండా వచ్చి వరండాలో నిలబడ్డారు. ముత్తక్క వాళ్ల వెనక, స్తంభానికి ఆనుకుని ఉంది.

"రాశావా?" అంది ఉదయశ్రీ కుర్చీలో కూర్చుంటూ.

"రాయలేదు మేడం. పొరపాటు నాదే. నూనె పోలేదు. చీమలు ఎప్పుడు తింటాయో చూడ్డానికి ఆకుల మీద పెట్టింది."

ఉదయశ్రీ నవ్వింది. "చీమలకు నూనె పెట్టిందా? బుధవారం నువ్వేం చెప్పావ్? ఇప్పుడేం చెబుతున్నావ్?" వరండా వైపు చూసి గొంతు తగ్గించింది. "వీళ్లు బెదిరించారా? లేకపోతే ఇద్దరూ కలిసే తీస్తున్నారా? ఇద్దరికీ చెడితే ఒకరు ఫోన్ చేస్తారు, మళ్లీ కలిస్తే పొరపాటు అంటారు. ఇలాంటివి చాలా చూశాను భవానీ."

"లేదు మేడం."

"ఆ సంచిలో ఏముంది?"

భవాని చేయి భుజానికున్న సంచి మీదే ఉంది. ఎందుకో కొంచెం దగ్గరికి లాక్కుంది. లాక్కున్నాక, అది ఎట్లా కనిపిస్తుందో తెలిసింది. వరండాలో అందరూ చూస్తున్నారు. జిప్పు తీసి, ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, చున్నీ, మందు ప్యాకెట్టు. ఉదయశ్రీ టిఫిన్ డబ్బా మూత కూడా తీసి చూసి మూసింది.

భవాని ఆమె వైపు కాక వరండా వైపు తిరిగింది. ముందు వరసలో పుష్పలత ఉంది.

"పుష్పా, దవాఖానాలో నీకు అబద్ధం చెప్పాను. సోమవారం వెనక తలుపు తీసింది నేను. సిగ్నల్ కోసం బయటికి పోయి, వచ్చేటప్పుడు గడియ పెట్టలేదు. ముత్తక్క పొయ్యి దగ్గరుంది. పిల్ల నా వెనకాలే వచ్చుంటుంది. ముత్తక్క మీద చెప్పిందంతా నా అనుమానమే. ఆమె దొంగ కాదు."

పుష్పలత కళ్లు దించలేదు. "నాకెర్క" అంది. "పెద్దమ్మ తలుపు తీసి పెట్టే మనిషి గాదు. నువ్వంటవో అనవో అని చూస్తున్న."

ఉదయశ్రీ లేచి గోడ మీది బొగ్గు గీతలు చూసింది. ఆకులు చూసింది. పిల్లను వదిలేసినందుకు భవానికి మెమో ఇస్తానంది, ఇచ్చింది కూడా. ముత్తక్కను ఏమీ అనలేదు, క్షమించమనీ అనలేదు. "రేపట్నుంచి, అదే సోమవారం నుంచి, రా" అని జీపెక్కింది.

మూడు గంటలకు ముత్తక్క బూడిదతో చేతులు కడుక్కుని వచ్చింది. ప్యాకెట్టు విప్పి వాసన చూసి తలాడించింది. పుట్టల చుట్టూ వెనక్కి వెనక్కి నడుస్తూ, విత్తనాలు చల్లినట్టు మూడు వేళ్లతో పల్చగా చల్లింది. పావుగంట గడవకముందే చీమలు ఒక్కో గింజ ఎత్తుకుని బారులు తీరి పుట్టల్లోకి దిగసాగాయి. ఇద్దరూ చెరో వైపు నిలబడి చూశారు.

మొదటి వారం ఏ తేడా లేదు. రెండో వారం బారులు పలచబడ్డాయి. ఇరవై రెండో రోజున ముత్తక్క పుల్లతో మూడు పుట్టలూ తిరగేసింది. పొడి మట్టి, గుల్ల బొరియలు, అంతే. ఆ మర్నాడు పుష్పలత చిన్నిని తెచ్చి ముత్తక్క చేతికి అందించి చేనుకు పోయింది. నెల తిరిగేసరికి పదిహేడు మంది పిల్లలు.

ముత్తక్క మునుపటిలాగే పని చేస్తోంది. ఒక్కటే మారింది. సామాను గదిలోకి వెళ్లినప్పుడల్లా గుమ్మంలో ఆగి, లోపల కూర్చున్న భవానికి వినబడేలా చెబుతుంది. "టీచరమ్మా, పప్పు తీస్తన్న." మళ్లీ కాసేపటికి, "టీచరమ్మా, ఉప్పు తీస్తన్న, చూడు." పదకొండేళ్లలో ఎప్పుడూ అలా చెప్పలేదు.

కొన్నాళ్లు చూసి, ఒకరోజు భవాని లేచి గుమ్మం దాకా వెళ్లింది. "నాకు చెప్పాలా ముత్తక్కా? తీసుకో."

ముత్తక్క రెండు చేతుల్లోని పప్పు ఆమెకు కనిపించేలా ముందుకు చాచింది.

"చెప్పాలె టీచరమ్మా" అంది. అని, ఎసరు మరుగుతున్న గిన్నె వైపు వెళ్లిపోయింది.